పండగల ముందు షుగర్ ఫ్రీ డబ్బా కొంటున్నారా? ఈ జాగ్రత్తలు చూడండి

దసరాకి తీసిన తీపి డబ్బా సంక్రాంతి దాకా ఖాళీ అవదు. మధ్యలో దీపావళి, క్రిస్మస్, పెళ్ళి భోజనాలు. షుగర్ ఉన్నవాళ్ళకి, వాళ్ళని కనిపెట్టుకుని ఉండేవాళ్ళకి ఏడాది మొత్తంలో టెన్షన్ పెట్టే కాలం ఇదే. అందుకే పండగ సరుకుల చీటీలో ఇప్పుడు నెయ్యి, జీడిపప్పు, బెల్లం కింద షుగర్ ఫ్రీ డబ్బా కూడా చేరుతోంది. పంచదార బదులు అది వాడొచ్చా అంటే నా మాట ఇది: షుగర్ ఉన్నవాళ్ళు టీలో, కాఫీలో వాడుకోవచ్చు. పిండివంటలకి మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. షుగర్ లేనివాళ్ళకీ పిల్లలకీ అసలు ఆ డబ్బాతో పనే లేదు.

రోజుకి మూడు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల పంచదార వేసుకునే మనిషి టీల మీదే పాతిక, ముప్ఫై గ్రాముల చక్కెర తాగేస్తున్నట్టు. ఆ మేరకు తగ్గితే లాభమే. కానీ అదే మనిషి "టీలో చక్కెర మానేశాగా" అంటూ మధ్యాహ్నం ఇంకో రెండు బొబ్బట్లు వేయించుకుంటే లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. పండగల్లో ఎక్కువగా జరిగేది ఇదే.

డబ్బా వెనక ఏముంది?

షుగర్ ఫ్రీ అంటే ఒకే వస్తువు కాదు. ఒకే కంపెనీ వేరువేరు రంగుల డబ్బాల్లో వేరువేరు పదార్థాలు అమ్ముతుంది. కొనేముందు డబ్బా వెనక్కి తిప్పి, పేరో నంబరో చూడండి. ఆస్పర్టేమ్ 951, శాక్రిన్ 954, సుక్రలోజ్ 955, స్టీవియా 960.

శాక్రిన్ వీటన్నిటికీ పెద్దన్న. 1879లో అమెరికాలో కనిపెట్టారు. మింగాక నాలుక మీద చేదు మిగులుతుంది. పుల్ల ఐసుల్లో, కల్తీ కల్లులో దాని రుచి ఎరిగినవాళ్ళు మనలో చాలామందే ఉంటారు.

ఆస్పర్టేమ్ పంచదార కంటే దాదాపు 200 రెట్లు తీపి, కానీ వేడికి ఆగదు. మరిగితే విరిగిపోయి తీపి తగ్గిపోతుంది. మాత్ర గిన్నెలో వేసి టీతో పాటు మరిగించి, తీపి తగల్లేదని ఇంకో రెండు వేసేవాళ్ళున్నారు. టీ కప్పులో పోశాక వేసి కలుపుకోవాలి. ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుకతో వచ్చే జబ్బు ఉన్నవాళ్ళు ఆస్పర్టేమ్ అసలు ముట్టుకోకూడదు. ఆ హెచ్చరిక డబ్బా మీదే ఉంటుంది.

సుక్రలోజ్ 600 రెట్లు తీపి, వేడికి బాగానే తట్టుకుంటుంది. వంటకి పనికొస్తుందని అమ్మేది ఎక్కువగా దీన్నే. అయితే 120 డిగ్రీలు దాటితే హానికరమైన క్లోరిన్ సమ్మేళనాలు పుట్టే అవకాశం ఉందని జర్మనీ ప్రభుత్వ ఆహార భద్రత సంస్థ 2019లో హెచ్చరించింది. పాలు, పాయసం ఉడికేది 100 డిగ్రీల దగ్గరే కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు, అదీ దించాక కలిపితే ఇంకా మంచిది. నూనెలో వేగే కజ్జికాయల్లోకి, ఓవెన్‌లో పెట్టే కేకులోకి మాత్రం వద్దు. స్టీవియాని మన దేశంలో 2015లో అనుమతించారు. ఆకు నుంచి తీసిందే, అయినా దానికీ రోజుకి ఇంత అనే పరిమితి ఉంది.

పొడి రూపంలో వచ్చేవాటితో ఇంకో చిక్కు. అసలు తీపి పదార్థం చిటికెడు కూడా ఉండదు కాబట్టి, చెంచాకి అందేలా మాల్టోడెక్స్‌ట్రిన్ లాంటివి కలుపుతారు. అది పిండిపదార్థమే, రక్తంలోకి వెళ్ళాక గ్లూకోజే. కప్పు టీకి ఒక పొట్లం అంటే పట్టించుకోనక్కర్లేదు. పాయసంలో కప్పులకొద్దీ కుమ్మరిస్తే పట్టించుకోవాల్సిందే.

పాకం దగ్గర పప్పులుడకవు

అరిసెలు చేసిన ఏ ఇల్లాలినైనా అడగండి. బెల్లం పాకం గిన్నెలో నీళ్ళలో వేస్తే చేతికి ఉండ కట్టాలి. అప్పుడు దించి, తడి బియ్యప్పిండి పోసి చలిమిడి కలపాలి. ఆ ఉండ కట్టే గుణం బెల్లానిది, పంచదారది. 600 రెట్లు తీపి ఉన్న పొడిని చెంచాడు నీళ్ళలో కరిగిస్తే తియ్యటి నీళ్ళవుతాయి తప్ప పాకం రాదు. బలవంతాన చేసినా అరిసె నూనెలో విడిపోతుంది. పాకం మీద నడిచే పిండివంటలన్నిటికీ ఇదే గతి.

ఇంకో సంగతి, తీపి వంటలు రోజుల తరబడి నిలవుండేది చక్కెర వల్లే. పదార్థంలోని నీటిని అది పట్టి ఉంచుతుంది, బూజు పట్టనివ్వదు. షుగర్ ఫ్రీ పొడితో చేసిన కోవా, పూర్ణం అలా బయట ఆగవు. చేసుకుంటే ఫ్రిజ్‌లో పెట్టి, రెండు రోజుల్లో అయ్యేంతే చేసుకోండి.

సరే, తీపి మారింది. మిగతాది మారిందా? పరమాన్నంలో బియ్యం అలాగే ఉంది, బొబ్బట్టు పైపొర మైదా అలాగే ఉంది, పాలల్లో లాక్టోజ్ ఉంది, నెయ్యి సంగతి చెప్పనే అక్కర్లేదు. మా పెద్దమ్మ "ఇది షుగర్ ఫ్రీయేరా, ఇంకోటి పెట్టు" అంటుంది, మేం పెడతాం, సాయంత్రం షుగర్ మీటర్ చూసి అందరం మొహాలు చూసుకుంటాం. నన్నడిగితే షుగర్ ఫ్రీ సేమ్యా పాయసం రెండు గిన్నెల కంటే, మామూలు బెల్లంతో చేసిన ఒక్క చిన్న బూరె, అదీ ఆ పూట అన్నం తగ్గించుకుని తినడం నయం. ఎంత తింటున్నామో కనీసం ఎరుకలో ఉంటుంది.

స్వీట్ షాపు డబ్బాలు ఇంకా జాగ్రత్తగా చూడాలి. షుగర్ ఫ్రీ అని రాయాలంటే వంద గ్రాముల్లో అర గ్రాముకి మించి చక్కెరలు ఉండకూడదని మన దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన. కాజూ బర్ఫీ డబ్బా తిప్పి చూస్తే చాలాసార్లు కనిపించే పేరు మాల్టిటాల్, నంబరు 965. ఇది చక్కెరల లెక్కలోకి రాదు. కానీ పంచదారలో సగం పైచిలుకు కేలరీలు ఇస్తుంది, షుగర్‌నీ కొంత పెంచుతుంది. పైగా ఎక్కువ తింటే కడుపుబ్బరం, గ్యాస్, విరేచనాలు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకి అసలే కడుపు సున్నితంగా ఉంటుంది. పండగ మర్నాడు బాత్‌రూమ్ చుట్టూ తిరుగుతూ నూనె మీద, గారెల మీద నెపం వేస్తాం గానీ, ముందు రోజు తిన్న నాలుగు బర్ఫీల సంగతి ఎవరూ ఎత్తరు.

"నో యాడెడ్ షుగర్" అని రాసిన ఖర్జూరం లడ్డూ, అంజీర్ బర్ఫీ వేరే కథ. పైనుంచి పంచదార వెయ్యలేదంతే, ఆ పళ్ళలోని చక్కెర ఎక్కడికీ పోలేదు. బెల్లం, తాటి బెల్లం, తేనె కూడా షుగర్ పెంచడంలో పంచదారకి తమ్ముళ్ళే. ఈ మాట చెప్తే పెద్దవాళ్ళకి కోపం వస్తుంది.

అనుమానం తీరాలంటే మీటరే సాక్షి. కొత్త స్వీటు ఏదైనా తినే ముందు ఒకసారి, మొదలుపెట్టిన రెండు గంటలకి ఒకసారి చూడండి. డబ్బా మీద ఏం రాసున్నా మీ ఒంటి లెక్క తేలిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం: షుగర్ డౌన్ అయినప్పుడు

పండగ రోజు షుగర్ పెరగడం గురించే అందరి బెంగ. తగ్గిపోవడం అంతకంటే తొందరగా ప్రాణం మీదికి తెస్తుంది. పొద్దున్నే అలవాటుగా మాత్ర వేసేసుకుంటారు, లేదా ఇన్సులిన్ చేసేసుకుంటారు. ఆపైన పూజ అయ్యేదాకా ఏమీ తిననంటారు. నైవేద్యం పెట్టేసరికి పన్నెండు దాటుతుంది. అప్పటికే చెమటలు, చేతుల వణుకు, గుండె దడ, మాట తడబాటు. ఉపవాసం ఉండాలనుకుంటే మందు ఎంత వేసుకోవాలో, ఎప్పుడు వేసుకోవాలో డాక్టర్‌ని పండక్కి ముందే అడిగి పెట్టుకోండి.

ఈ లక్షణాలు కనిపించి, మీటర్‌లో 70 కంటే తక్కువుంటే వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ కావాలి, అంటే సుమారు మూడు టీ చెంచాల పొడి నీళ్ళలో కలిపి తాగించాలి. పావుగంట ఆగి మళ్ళీ చూసి, ఇంకా 70 లోపే ఉంటే మళ్ళీ అంతే ఇవ్వాలి. ఇక్కడ షుగర్ ఫ్రీ మాత్ర కలిపిన నీళ్ళు, డైట్ కోలా ఎందుకూ పనికిరావు. నాలుకకి తియ్యగా ఉంటాయి, రక్తంలో గ్లూకోజ్ పెంచవు. కంగారులో చేతికందిన తియ్యటి సీసా ఇచ్చేసే ప్రమాదం ఉంది కాబట్టి ఇంట్లో పిల్లలకి సైతం ఈ ముక్క చెప్పి ఉంచండి.

వాడే మాత్రలో వోగ్లిబోస్ గానీ అకార్బోస్ గానీ ఉందేమో స్ట్రిప్ వెనక చూడండి. మూడు మందులు కలిపిన మాత్రల్లో వోగ్లిబోస్ తరచుగా ఉంటుంది. ఇవి పంచదార త్వరగా జీర్ణం కాకుండా ఆపుతాయి, అందుకని వీళ్ళకి పంచదార నీళ్ళు ఇస్తే తొందరగా పనిచెయ్యవు. గ్లూకోజ్ పొడే ఇవ్వాలి. మెడికల్ షాపులో ఒక ప్యాకెట్ కొని, పూజ గదికి దగ్గర్లో అందరికీ తెలిసిన చోట పెట్టండి. మనిషి స్పృహ తప్పితే నోట్లో ఏమీ పొయ్యకుండా 108కి ఫోన్ చెయ్యాలి.

క్యాన్సర్ భయం, బరువు ఆశ

2023 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఆస్పర్టేమ్‌ని "క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉండొచ్చు" అనే 2బి జాబితాలో చేర్చింది. ఆధారాలు పరిమితంగానే ఉన్నాయని కూడా చెప్పింది. అదే సమయంలో ఆహారంలో కలిపే పదార్థాలని పరిశీలించే నిపుణుల కమిటీ మాత్రం రోజువారీ పరిమితిని మార్చలేదు: కిలో బరువుకి 40 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషి ఆ గీత దాటాలంటే 200 నుంచి 300 మిల్లీగ్రాములుండే డైట్ డ్రింకులు రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు తాగాలి. టీలో రెండు మాత్రలకి బెదిరిపోనక్కర్లేదు.

నాకు ఎక్కువ ముఖ్యమనిపించింది దానికి రెండు నెలల ముందు, మే నెలలో వచ్చిన సూచన. బరువు తగ్గడానికి ఈ తీపి పదార్థాలు వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. దీర్ఘకాలంలో కొవ్వు తగ్గిన దాఖలా కనిపించలేదని కారణం. ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్ళకి ఆ సూచన వర్తించదని కూడా స్పష్టంగా రాసింది. కాబట్టి పండక్కి ముందు నాలుగు కిలోలు తగ్గుదామని కాలేజీ అమ్మాయి షుగర్ ఫ్రీ మొదలుపెట్టడం దండగ. గర్భిణులు డాక్టర్‌ని అడక్కుండా వాడొద్దు, శాక్రిన్ అయితే మానెయ్యడమే మేలు. పసిపిల్లల పాలల్లో ఏదీ కలపకూడదు.

కుక్కని పెంచే ఇళ్ళకి ఒక మాట. షుగర్ ఫ్రీ చూయింగ్ గమ్‌లో, కొన్ని స్వీట్లలో ఉండే జైలిటాల్, నంబరు 967, మనకి విషం కాకపోయినా కుక్కలకి విషం. కొంచెం తిన్నా వాటి షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. బంధువులు తెచ్చిన డబ్బాలు టీపాయ్ మీద వదిలెయ్యకుండా పై అరలో పెట్టండి. కుక్క నోట్లో పడిందని తెలిస్తే వెంటనే పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.