కారుకు మెటల్ పెడల్స్: కొనడం నుంచి కొండ దిగేదాకా

పెడల్స్ మీద బిగించే లోహపు ప్లేట్లు, అంటే మెటల్ పెడల్స్ వేస్తే పికప్ పెరగదు. పెరగాల్సింది కాలి పట్టు. అది పెరగకపోగా తగ్గిందంటే డబ్బులు దండగ, పైగా ప్రమాదం. తిరుపతిలో కారు నడిపేవాళ్లకు ఈ మాట ఇంకాస్త గట్టిగా చెప్పాలి. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు కొండ దిగే దారి. అందులో కుడికాలు బ్రేకుకీ యాక్సిలరేటరుకీ మధ్య తిరుగుతూనే ఉంటుంది. ఆ మలుపుల్లో బ్రేకు మీది ప్లేటు కాస్త పక్కకు తిరిగినా పాదానికి తెలుస్తుంది. ఊడితే ఇక చెప్పేదేముంది.

కార్ డెకార్ షాపుల్లో మామూలుగా జరిగే పని ఇదీ: పాత రబ్బరు మీదే ప్లేటు పెట్టి, వెనక రేకు ముక్కలు వంచి, పది నిమిషాల్లో పంపించేస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ రబ్బరు నొక్కుకునే కొద్దీ బిగువు పోతుంది, నెల తిరిగేసరికి ప్లేటు లొడలొడలాడుతుంది. డబుల్ సైడ్ టేపు మీద నమ్మకం పెట్టుకున్నా అంతే. మే నెల ఎండలో మూసి ఉంచిన కారులో టేపు జిగురు మెత్తబడిపోతుంది.

ఏ రకం కొనాలి

మొదట మీ కారు పెడల్స్ చూసుకోండి. ఐ20 ఎన్ లైన్ లాంటి వాటికి కంపెనీవాళ్లే మెటల్ పెడల్స్ ఇస్తారు, కొనే పనే లేదు. ఫోక్స్‌వాగన్, స్కోడా కార్లకు స్టీలు ముఖం, వెనక రబ్బరు ఉండే తొడుగులు దొరుకుతాయి. పాత రబ్బరు లాగేసి, దాని స్థానంలో ఇది ఎక్కించడమే. సబ్బునీళ్లు రాస్తే అంచు సులువుగా ఎక్కుతుంది, బెజ్జాలు పెట్టే పని లేదు. మీ మోడలుకు సరిగ్గా సరిపోయే తొడుగు దొరికితే వేరే ఆలోచన పెట్టుకోకండి, అదే తీసుకోండి.

అది దొరకనప్పుడే బోల్టులతో బిగించే అల్యూమినియం ప్లేట్లు. ఇక్కడ చెప్పేదంతా ఎక్కువగా వాటి గురించే. బ్రేకుకు క్లిప్పు రకం, అంటే వెనక రేకు ముక్కలు వంచి పట్టించేది వద్దు. యాక్సిలరేటరు మీద బరువు పడదు కాబట్టి అక్కడ మంచి క్లిప్పు రకానికి ఒప్పుకోవచ్చు.

ప్లేటు మీద అద్దంలా మెరిసే క్రోమ్ చూసి మోసపోవద్దు. పైకి పొడుచుకొచ్చిన రబ్బరు బొడిపెలు ఉండాలి. గోటితో గీరితే ఊడివచ్చే బొడిపెలైతే వద్దు. నవంబరు వానల్లో చిత్తూరు వైపు ఎర్రమట్టి చెప్పు అడుగున అంటుకుని వస్తుంది, ఆ జారుడుకు తట్టుకోవాలి. షాపులోనే చెప్పు అడుగు తడిపి ప్లేటు మీద రుద్ది చూడండి. మొక్కు ఉండి చెప్పులు లేకుండా నడిపేవాళ్లు ఇంట్లో ఉంటే, బెజ్జాల అంచులు వేలితో తడిమి చూడటం మరవొద్దు. ఎండలో నిలిపిన కారులో ఆ లోహం ఒట్టి పాదాన్ని చురుక్కుమనిపిస్తుంది కూడా. ఆటోమేటిక్ కారుకు బ్రేకు పెడలు వెడల్పుగా ఉంటుంది, దానికి ఆ సెట్టే కొనాలి.

ఎత్తు లెక్క

చాలామంది పట్టించుకోనిది ఇదే. కంపెనీ అమరికలో బ్రేకు పెడలు ముఖం యాక్సిలరేటరు కంటే కొంచెం మీదికి ఉంటుంది. కాలు బ్రేకు మీద వేసినప్పుడు బూటు అంచు యాక్సిలరేటరును తాకకుండా కాపాడేది ఆ తేడానే.

ఇప్పుడు లెక్క చూడండి. బ్రేకు రబ్బరు మందం 8 మిల్లీమీటర్లు, కొత్త ప్లేటు 5 మిల్లీమీటర్లు అనుకుందాం. రబ్బరు తీసి ప్లేటు వేస్తే బ్రేకు 3 మిల్లీమీటర్లు కిందికి దిగింది. యాక్సిలరేటరుకు తీయడానికి రబ్బరు ఉండదు, దాని మీద ప్లేటు వేస్తే 5 మిల్లీమీటర్లు పైకి వచ్చింది. అంటే రెండింటి మధ్య తేడా 8 మిల్లీమీటర్లు తగ్గిపోయింది. బ్రేకు గట్టిగా తొక్కేసరికి పాదం కుడి అంచు యాక్సిలరేటరును కూడా నొక్కుతుంది, ఇంజను గుర్రుమంటుంది. ఒకే పాదంతో బ్రేకూ యాక్సిలరేటరూ కలిపి తొక్కే హీల్ అండ్ టో చేసేవాళ్లు ఆ తేడా తగ్గాలని కావాలనే కోరుకుంటారు గానీ, ఇంట్లో నలుగురు నడిపే కారుకు అది పనికిరాదు.

అందుకే రబ్బరు తీశాక దాని మందం, ప్లేటు మందం కొలిచి కాగితం మీద రాసుకోండి. పై ఉదాహరణలో బ్రేకు ప్లేటు కింద 3 మిల్లీమీటర్ల అల్యూమినియం స్పేసరు వేస్తే బ్రేకు పాత ఎత్తుకు వస్తుంది. లేత్ షాపులో చెబితే కోసిస్తారు. రబ్బరు ముక్కను స్పేసరుగా వాడకండి, అది నలిగి బోల్టు వదులవుతుంది. యాక్సిలరేటరు వైపు వీలైనంత పలచటి ప్లేటు ఎంచుకోండి. అసలు దానికి ప్లేటు మానేసినా తప్పులేదు, రూపం కాస్త తగ్గుతుంది అంతే.

పక్క దూరం కూడా ముఖ్యమే. ప్లేటు ఆకారంలో అట్టముక్క కోసి పెడలు మీద పెట్టి చూడండి. బ్రేకు అంచుకీ యాక్సిలరేటరు అంచుకీ మధ్య 5 సెంటీమీటర్ల కంటే తగ్గనివ్వొద్దు. ప్లేటు వెడల్పు ఎక్కువైతే మిగులు భాగాన్ని క్లచ్ వైపుకు జరపండి, యాక్సిలరేటరు వైపుకు మాత్రం వద్దు.

సామాను

ఎం5 స్టెయిన్‌లెస్ కౌంటర్‌సంక్ (తల ప్లేటులో మునిగిపోయే) అలెన్ బోల్టులు, నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉండి వదులుకానివి), వాషర్లు. పెడలుకు 3 లేదా 4 చొప్పున లెక్కేసి ఒకటి రెండు ఎక్కువ తెచ్చుకోండి. సెట్టుతో పాటు వచ్చే స్క్రూలు తరచుగా నాసిరకం, అలెన్ తల అరిగిపోతుంది. పొడవు లెక్క ఇలా: పెడలు రేకు 4, స్పేసరు 3, ప్లేటు 5, వాషరు 1, నట్టు 5, మొత్తం 18. నట్టు దాటి రెండు మరలైనా బయటికి కనిపించాలి. అంటే 20 మిల్లీమీటర్ల బోల్టు. మీ కొలతలు వేరైతే లెక్క మార్చుకోండి.

పనిముట్లు: 3 ఎంఎం అలెన్ కీ, 8 నంబరు రింగు పానా, 10 నంబరు సాకెట్టు, 3 ఎంఎం, 5.5 ఎంఎం హెచ్‌ఎస్‌ఎస్ డ్రిల్ బిట్లు, సెంటర్ పంచ్, గుండ్రటి ఆకురాయి, మాస్కింగ్ టేపు, ఒక అయస్కాంతం, జింక్ ప్రైమర్ స్ప్రే. తలకు కట్టుకునే లైటు ఉంటే మెడ బతుకుతుంది.

బ్రేకు, క్లచ్

ఇంజను ఆపి తాళంచెవి తీసేయండి, హ్యాండ్ బ్రేకు వేయండి. రబ్బరును ఒక మూల నుంచి వేళ్లతో మడిచి లాగితే వచ్చేస్తుంది. దాన్ని పారేయొద్దు, ఏ కారణంగానైనా ప్లేటు తీయాల్సి వస్తే బెజ్జాలున్న పెడలు మీద కూడా అది మళ్లీ ఎక్కుతుంది.

పెడలు ముఖం మీద మాస్కింగ్ టేపు అంటించి, ప్లేటు పెట్టి, బెజ్జాల చోటు గుర్తు పెట్టండి. ఇక్కడ తొందరపడితే పని చెడుతుంది. పెడలు వెనక కడ్డీ వెల్డింగ్ అయిన చోట బెజ్జం వస్తే నట్టు కూర్చోదు. ఎం5 నట్టుకు 8 నంబరు పానా తిరగాలి కదా, కాబట్టి వెల్డింగ్ నుంచి బెజ్జం మధ్యకు కనీసం 9 మిల్లీమీటర్లు, పెడలు అంచు నుంచి కనీసం 8 మిల్లీమీటర్లు వదలండి. ప్లేటులో ఉన్న బెజ్జాలు అలా కుదరకపోతే ప్లేటులోనే కొత్తవి పెట్టుకోండి. వెల్డింగ్ జోలికి, కడ్డీ జోలికి పోవద్దు.

పెడలు వెనక ఒక చెక్క దిమ్మె గట్టిగా ఆనించండి. లేకపోతే పంచ్ కొట్టిన ప్రతి దెబ్బా లోపలి పుష్‌రాడ్ (పెడలు తోపును లోపలికి అందించే కడ్డీ) మీద పడుతుంది. పైగా డ్రిల్ అవతలికి దూసుకుపోయినప్పుడు వైర్ల బదులు చెక్కలో దిగుతుంది. కార్పెట్టు మీద తడిగుడ్డ పరవండి. ముందు 3 ఎంఎం, తర్వాత 5.5 ఎంఎం. స్పీడు తక్కువగా, ఒక చుక్క నూనె వేసి. వేగంగా తిప్పితే బిట్టు నీలంగా మారి మొద్దుబారుతుంది.

బెజ్జాల అంచులు ఆకురాయితో నునుపు చేసి, అయస్కాంతంతో ఇనప రజను మొత్తం ఏరేయండి. ఆ రజను కార్పెట్టులో ఉండిపోతే వానాకాలంలో తుప్పు మరకలవుతుంది, కనెక్టర్లలోకి పోతే ఇంకా తలనొప్పి. కోసిన చోట ప్రైమరు కొట్టి ఆరనివ్వండి.

బిగించేటప్పుడు అన్ని బోల్టులూ ముందు చేత్తో ఎక్కించి, తర్వాత ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. 4 నుంచి 5 న్యూటన్ మీటర్లు చాలు. స్టెయిన్‌లెస్ బోల్టు, స్టెయిన్‌లెస్ నట్టు కలిస్తే ఒక చిక్కు ఉంది: వేగంగా తిప్పితే మరలు వేడెక్కి ఒకదానికొకటి కరుచుకుపోతాయి, ఇక కోయాల్సిందే. కొద్దిగా గ్రీజు రాసి నిదానంగా తిప్పండి. నైలాక్ నట్టు ఒకసారి విప్పితే దాని పట్టు తగ్గుతుంది, మళ్లీ వాడొద్దు. చివర్లో నట్టు నుంచి బోల్టు మీదుగా పెయింటుతో ఒక గీత గీయండి. గీత విరిగినట్టు కనిపిస్తే నట్టు తిరిగిందని అర్థం.

క్లచ్‌కూ ఇదే పద్ధతి. ఎడమ చివర డెడ్ పెడల్ (ఎడమకాలు ఆనించుకునే చోటు) ప్లేటుకు సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూలు కొట్టేస్తుంటారు. దాని వెనక చాలా కార్లలో వైర్ల కట్ట పోతుంది. వెల్క్రో వేసుకోండి, ఆ ప్లేటు కాలు ఆనడానికే గానీ ప్రాణం దాని మీద ఆధారపడదు.

యాక్సిలరేటరు

ఇప్పటి కార్లలో ఇది ప్లాస్టిక్కు, లోపల సెన్సార్లుంటాయి. కారులో ఉండగానే డ్రిల్ చేస్తే పగులుతుంది. ఇగ్నిషన్ ఆపి, కనెక్టరు లాక్ నొక్కి తీసి, సాధారణంగా 10 నంబరు నట్లు రెండో మూడో విప్పి పెడలు మొత్తం బయటికి తెచ్చుకోండి. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా కనెక్టరు పీకితే ఫాల్ట్ కోడు పడి చెక్ ఇంజన్ లైటు వెలుగుతుంది. వారంటీలో ఉన్న కారైతే బెజ్జం పెట్టిన పెడలుకు క్లెయిము రాకపోవచ్చు. అలాంటప్పుడు క్లిప్పు రకమే మేలు.

ప్లాస్టిక్కు వెనక పక్కటెముకల్లాంటి నిలువు గట్లుంటాయి. బెజ్జం వాటి మధ్య పడాలి. వెనక వెడల్పాటి వాషరు వేసి, వాషరు తిరగడం ఆగేదాకా మాత్రమే బిగించండి. మరలు వదులవకుండా రాసే థ్రెడ్‌లాకర్ ద్రవం ఇక్కడ వాడకండి, కొన్ని ప్లాస్టిక్కులను అది పెళుసు చేసి పగలగొడుతుంది.

ప్లేటు కింది అంచు, మ్యాటు మధ్య ఖాళీ చూడండి. మందపాటి 7డి మ్యాట్లున్న కార్లలో పొడుగు ప్లేటు అంచు మ్యాటు కిందికి దూరి ఇరుక్కుంటుంది. 2009లో టయోటా అమెరికాలో సుమారు 38 లక్షల కార్లను వెనక్కి పిలిచింది సరిగ్గా ఈ మ్యాటు ఇరుకుడు వల్లే. అప్పుడు చేసిన మరమ్మతుల్లో యాక్సిలరేటరు పెడలు కింది భాగం కోసి పొట్టి చేయడం ఒకటి. కంపెనీ కోసి తీసేసిన పొడవును మనం డబ్బులిచ్చి అతికించుకోవద్దు.

పరీక్ష

ఇంజను ఆపి ఉండగా యాక్సిలరేటరును చేత్తో అడుగు దాకా నొక్కి ఒక్కసారిగా వదలండి. టక్కున వెనక్కి రావాలి. నెమ్మదిగా వస్తే ప్లేటు బరువు ఎక్కువైనట్టో, ఎక్కడో రాసుకుంటున్నట్టో. ఇంట్లో ఉన్న వాటిలో అన్నిటికంటే వెడల్పు బూటు వేసుకుని బ్రేకు కుడి అంచున తొక్కండి, యాక్సిలరేటరు కదలకూడదు. తర్వాత ఇంజను ఆన్ చేసి, బ్రేకు పదిసార్లు బలమంతా పెట్టి తొక్కి, ప్లేటు పట్టుకుని ఊపి చూడండి. వెనక ఒకరిని నిలబెట్టి బ్రేకు లైటు ఆరుతోందో లేదో అడగండి. ప్లేటు బరువుకు పెడలు కాస్త వాలితే లైటు వెలుగుతూనే ఉంటుంది, క్రూయిజ్ కంట్రోల్ కూడా సెట్ కాదు.

మొదటి పరుగు ఖాళీగా ఉన్న నేరు రోడ్డు మీద, 30 స్పీడులో. 100 కిలోమీటర్ల తర్వాత గీతలు చూడండి, మళ్లీ 1000 కిలోమీటర్లకు. మొదటి తనిఖీ అయ్యేదాకా కొండెక్కొద్దు. ఆ తర్వాత ఎక్కినా దిగేటప్పుడు రెండో గేరులోనే ఉండండి, వేడెక్కిన బ్రేకుకు ఏ ప్లేటూ సాయం చేయదు.

వాటర్ వాష్‌కు ఇచ్చినప్పుడు ఒక మాట ముందే చెప్పండి. డ్యాష్‌బోర్డు పాలిష్ డబ్బా తీసుకుని పెడల్స్ మీద కూడా కొట్టేసే అలవాటు అక్కడి కుర్రాళ్లకు ఉంటుంది. అందులోని సిలికాన్ రబ్బరు బొడిపెలను నూనె పూసినట్టు జారేలా చేస్తుంది. ఒకవేళ కొట్టేసి ఉంటే సబ్బునీళ్లు, పాత బ్రష్షుతో బాగా రుద్ది, ఆరబెట్టాకే బండి తీయండి.