బాస్కెట్‌బాల్ ఆటగాడి అసలు సత్తా ఎలా కనిపెట్టాలి?

సెలక్షన్స్‌లో ఎవరో ఒకరు గాల్లోకి లేచి బంతిని చేత్తో రింగులోకి కుక్కేసి డంక్ కొడతారు, చుట్టూ ఉన్నవాళ్లు కేకలు పెడతారు, అంతే, ఆ పేరు లిస్టులో పైకెక్కి కూర్చుంటుంది. డంక్ కొట్టినా బోర్డుకి తగిలించి మెల్లగా లేఅప్ వేసినా వచ్చేది 2 పాయింట్లే. టీమ్‌ని ఎంచుకునే పని మీ మీద పడితే ఇలా చూడండి.

1. వార్మప్‌కి మార్కులు వేయకండి. అడ్డుకునేవాళ్లు లేనప్పుడు అందరూ హీరోలే.

2. ముందు పాదాలు చూడండి. పరిగెడుతూ పాస్ అందుకున్నాక రెండు పాదాలూ ఒకేసారి నేలకి ఆనేలా ఆగితే ఏ కాలినైనా పివట్‌గా, అంటే నేలకి ఆనించి ఉంచి దాని మీదే తిరిగే కాలుగా, వాడుకోవచ్చు, అటైనా ఇటైనా తిరగొచ్చు. అదే తూలుతూ ఆగితే ట్రావెలింగ్ (బంతి పట్టుకుని అదనంగా అడుగులేసిన తప్పు), లేదంటే కంగారులో వేసిన పాస్.

3. బంతిని వదిలేసి మనిషిని చూడండి. అసలు సంగతంతా ఇక్కడే ఉంది, చాలామంది చూడనిదీ ఇదే. కోర్టులో ఒక టీమ్‌కి ఐదుగురు, బంతి ఒక్కటే, అంటే ఎంత గొప్ప ఆటగాడైనా ఎక్కువసేపు బంతి లేకుండానే ఆడాలి. ఒక్కరినే ఎంచుకుని ఐదు నిమిషాలు కళ్లు తిప్పకుండా గమనించండి. ఎవరైనా షాట్ వేయగానే నోరు తెరుచుకుని పైకి చూస్తున్నాడా, లేక ముందు తన ప్రత్యర్థి ఎక్కడున్నాడో వెతికి, మోకాళ్లు వంచి, వీపుతో అతన్ని వెనక్కి ఆపి, ఆ తర్వాతే బంతి కోసం చూస్తున్నాడా? దీన్నే బాక్స్ అవుట్ అంటారు, దీనికి చప్పట్లు పడవు. డెన్నిస్ రాడ్‌మన్ ఎత్తు 6 అడుగుల 7 అంగుళాలు, అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో రింగు దగ్గర ఆడేవాళ్లతో పోలిస్తే పొట్టే, అయినా 1992 నుంచి 1998 దాకా వరసగా 7 సీజన్లు రీబౌండ్లలో (తప్పిన షాట్ల నుంచి బంతి అందుకోవడంలో) మొదటి స్థానం ఆయనదే. ఎవరి షాట్ ఎలా తిరుగుతుందో, తప్పితే ఎటు పడుతుందో బుర్రలో పెట్టుకుని ముందే అక్కడికి చేరేవాడు.

4. బలహీనమైన చేతితో లేఅప్ వేయించండి. రెండు నిమిషాల పని, చాలా తెలిసిపోతుంది.

5. అలసిపోయాక ఫ్రీ త్రోలు (ఎవరూ అడ్డుకోకుండా గీత దగ్గర నిలబడి వేసే షాట్లు) వేయించండి, కోర్టు ఈ చివరి నుంచి ఆ చివరికి బాగా పరిగెత్తించిన వెంటనే. మోచేయి పక్కకి పోతోందా, మోకాళ్లు వంగడం మానేశాయా చూడండి. అలవాటుగా మారిన షాట్ అప్పుడు కూడా పెద్దగా మారదు.

"ఎగిరేవాడికి మిగతావి నేర్పొచ్చు కదా, ఎత్తు, వేగం నేర్పితే వస్తాయా?" అని అడ్డం తగిలేవాళ్లు తప్పకుండా ఉంటారు. నిజమే, ఆ శరీరమూ ఆటతెలివీ రెండూ ఉన్నవాడు దొరికితే కళ్లకద్దుకుని తీసుకోవాలి. కానీ ఎన్‌బీఏ ఆటగాడు నికోలా యోకిచ్‌ని చూడండి, పెద్దగా ఎగరడు, వేగమూ అంతంతే. టీమ్‌లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2014లో, 41వ స్థానం దాకా అతన్ని ఎవరూ తీసుకోలేదు. తర్వాత 2021, 2022, 2024లో ఎంవీపీ (సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు, పాస్ ఎప్పుడు వదలాలో, ఎటు తిరగాలో తెలియడం వల్లే.

6. నేర్పొచ్చు అన్న మాటని అక్కడికక్కడే పరీక్షించండి. ఆ ఎగిరేవాడిని పక్కకి పిలిచి ఒక్క తప్పు చెప్పండి, ఉదాహరణకి డిఫెన్స్‌లో నిటారుగా నిలబడుతున్నావని. మళ్లీ ఆటలోకి పంపి పది నిమిషాలు చూడండి. మోకాళ్లు వంగితే తీసుకోండి, తల ఊపి వెళ్లి మళ్లీ డంక్ కోసమే చూస్తుంటే లిస్టులో తర్వాతి పేరు పిలవండి.