కొండ కోతలో పాత కంకర డెల్టాను చదవడం ఎలా?

డెల్టా అంటే మనకు ఒండ్రు నేల, పాయలుగా చీలిన నదే గుర్తొస్తాయి. కొండల నుంచి నేరుగా నీళ్లలోకి దిగే నది మాత్రం గులకరాళ్లు తెచ్చి పోస్తుంది. గ్రీస్‌లో కొరింథు సింధుశాఖ దక్షిణ తీరాన అలాంటి పాత డెల్టాలు వందల మీటర్ల ఎత్తున కొండలై నిలిచాయి. వాటిని మలిచింది నేల కదలికా, వాతావరణమా? తేల్చడానికి ఇలా మొదలుపెట్టండి.

ముందు దూరంగా నిలబడి ఫోటో తీయండి. దగ్గరికెళ్తే రాళ్లు తప్ప ఏమీ కనిపించదు. పైన దాదాపు చదునైన పొరలు, మధ్యలో 20 నుంచి 30 డిగ్రీలు వాలిన పొరలు, అడుగున సన్నని మెత్తటి పొరలు కనిపించాలి. 1880లలో అమెరికా భూగర్భ శాస్త్రవేత్త గిల్బర్ట్ వివరించిన అమరిక ఇదే. పై పొరలు కూడా ఒరిగి ఉంటే, డెల్టా ఏర్పడ్డాక నేల వంగిందన్నమాట. మధ్య పొరల వాలు లెక్కలోంచి ఆ ఒరుగు తీసేయండి.

ఇప్పుడు అసలు పని. చదును పొర వాలు పొరగా మారే చోటు దాదాపు ఆనాటి నీటిమట్టం. ఫోటో మీద ఆ చోట్లన్నీ పెన్సిల్‌తో కలపండి. గీత అడ్డంగా సాగితే నీటిమట్టం నిలకడగా ఉంది. మెట్లలా పైకెక్కితే నీళ్లు పెరిగాయి, లేదా అడుగు కుంగింది. కిందికి దిగితే నీళ్లు తగ్గాయి, లేదా నేల లేచింది. రెండిట్లో ఏది జరిగిందన్నది ఒక్క గీతతో తేలదు. చాలామంది తొందరపడేది ఇక్కడే.

అందుకే దగ్గర్లోని ఫాల్ట్ వైపు, అంటే నేల చీలి ఇరువైపులా జరిగిన పగులు వైపు, చూడండి. పొరలు అటువైపు మందమవుతూ, కింది పొరలు పైవాటికన్నా ఎక్కువ ఒరిగి ఉంటే, కంకర పడుతుండగానే ఫాల్ట్ కదిలింది. అవే మెట్లు చుట్టుపక్కల డెల్టాలన్నిట్లో ఒకే కాలానికి కనిపిస్తే వాతావరణాన్ని అనుమానించాలి. సుమారు 20,000 ఏళ్ల క్రితం మంచుయుగంలో సముద్రం ఇప్పటికన్నా 120 మీటర్ల దాకా కిందుండేది. కొరింథు దగ్గర ఇంకో తిరకాసు ఉంది. ఆ సింధుశాఖ ముఖద్వారం లోతు తక్కువ. సముద్రం బాగా దిగినప్పుడల్లా లోపలి నీళ్లు విడిపోయి సరస్సు అయ్యేవి.

చివరికి రాళ్ల దగ్గరికి వెళ్లండి, వదులు కంకర కింద మాత్రం నిలబడొద్దు. పై పొరల్లో బల్లపరుపు రాళ్లు ఒకదాని మీద ఒకటి ఒరిగి, నది వచ్చిన వైపుకు వాలి ఉంటాయి. ప్రవాహ దిశ అలా తెలుస్తుంది. కొత్త రకం రాయి మొదలైతే ఎగువన కొత్త శిల బయటపడి ఉండొచ్చు. రాళ్ల సైజు హఠాత్తుగా పెరిగితే? వాలు పెరిగి ఉండొచ్చు, వరదలూ పెరిగి ఉండొచ్చు. నేనైతే నోట్‌బుక్‌లో ప్రశ్న గుర్తు పెట్టుకుని పక్క లోయలోకి నడుస్తాను.