1953 ఇటలీ ఫలితాలు: కూడిక ఎక్కడ తప్పుతుందంటే

1953 జూన్ 7 ఎన్నికల పట్టిక చూస్తే క్రిస్టియన్ డెమోక్రాట్ల 40.1 శాతం దగ్గర ఆగిపోకండి. కొత్త చట్టం ప్రకారం, చెల్లిన ఓట్లలో సగం దాటిన కూటమికి దిగువ సభలో 590కి 380 సీట్లు. అందుకే వారి కూటమిలోని సోషల్ డెమోక్రాట్ల 4.5, లిబరల్స్ 3, రిపబ్లికన్ల 1.6 కలపాలి. ఇక్కడితో ఆపితే 49.2 వస్తుంది, అది తప్పు. దక్షిణ టిరోల్, సార్డీనియా పార్టీలూ కూటమిలోనివే, వాటితో 49.8.

సగానికి తగ్గినవి యాభై వేల పైచిలుకు ఓట్లే! చట్టాన్ని వ్యతిరేకిస్తూ విడిగా నిలబడ్డ మాజీ ప్రధాని పార్రి బృందం ‘ఊనితా పొపొలారె’కి ఒక్క సీటూ రాలేదు కానీ, 0.6 శాతం ఓట్లు పడ్డాయి. ఆ వరుసను తప్పక చూడండి, కూటమికి సగానికి తగ్గిన 0.2 శాతం కంటే అది ఎక్కువ, అసలు కీలకం అదే. సెనేట్ లెక్క ఇందులో కలపొద్దు, అక్కడ ఈ బోనస్ లేదు.

జూలై 28న క్రిస్టియన్ డెమోక్రాట్ల ప్రధాని దె గాస్పెరి విశ్వాస ఓటులో ఓడారు, ఆగస్టులో పెల్లా ప్రధాని అయ్యారు. చట్టం 1954లో రద్దయింది.