పాత లిఫ్ట్ మార్పిస్తున్నారా? డబ్బు ముందు తలుపుల మీద పెట్టండి

హైదరాబాద్‌లో హిమాయత్‌నగర్, చిక్కడపల్లి, అమీర్‌పేట వైపు తొంభైలలో కట్టిన అపార్ట్‌మెంట్లలో చాలాచోట్ల లిఫ్ట్ ఇంకా అప్పటిదే. గ్రిల్ తలుపు, మెషిన్ రూమ్‌లో టకటకలాడే రిలేల ప్యానెల్, ఫ్లోర్‌కి రెండంగుళాలు పైనో కిందో ఆగే క్యాబిన్. హెల్పర్‌గా చేరి ఆ షాఫ్టుల్లోనే, అంటే లిఫ్ట్ తిరిగే బావుల్లోనే, లిఫ్ట్ పని నేర్చుకున్నవాణ్ణి. అందుకని అసోసియేషన్ల వాళ్లు పిలుస్తుంటారు. వెళ్లగానే స్టీల్ షీటు డిజైన్లు, అద్దాలు, లైట్లు చూపించి ఏది బాగుందని అడుగుతారు. అది ఆఖర్న చూసుకోవచ్చు. ముందు తలుపుల సంగతి తేల్చండి.

2025 ఫిబ్రవరిలో మాసబ్‌ట్యాంక్‌లో ఒక చిన్నపిల్లవాడు లిఫ్ట్‌కీ గోడకీ మధ్య ఇరుక్కుని చనిపోయాడు. ఆ తర్వాత నేను ఏ బిల్డింగ్‌కి వెళ్లినా మెషిన్ రూమ్ కంటే ముందు తలుపులే చూస్తున్నాను. గ్రిల్ సందుల్లో పిల్లల చేతులు, కాళ్లు పడతాయి. బయటి తలుపుకీ క్యాబిన్ గ్రిల్‌కీ మధ్య ఖాళీ ఎక్కువుంటే చిన్నపిల్ల అందులో నిలబడగలదు. రెండు తలుపులూ మూసే ఉన్నాయని లిఫ్ట్ కదిలిపోతుంది.

మీ మెకానిక్‌ని దగ్గర పెట్టుకుని రెండు పరీక్షలు చేయించండి. లిఫ్ట్ పై అంతస్తులో ఉండగా కింది తలుపు లాగితే రాకూడదు. గ్రిల్ కొంచెం తెరిచి ఉంచి బటన్ నొక్కితే లిఫ్ట్ కదలకూడదు. కదిలిందంటే తలుపు మూసుకుందని చెప్పే స్విచ్చు, అంటే కాంటాక్టు, దగ్గర ఎవరో వైరు కలిపి డైరెక్ట్ చేశారన్నమాట. లిఫ్ట్ మాటిమాటికీ ఆగిపోతోందని గొడవ చేస్తే కొందరు మెకానిక్‌లు ఈ పని చేసి వెళ్లిపోతారు. అలా ఉందని తెలిసిన నిమిషంలోనే లిఫ్ట్ ఆపించండి. కాంటాక్టు సరిచేశాకే మళ్లీ నడపాలి.

ఆటోమేటిక్ తలుపులు పెట్టించాలంటే షాఫ్ట్ వెడల్పు చాలాలి. 700 మిల్లీమీటర్ల తలుపు రెండు వైపులకీ తెరుచుకోవాలంటే 1400 కంటే ఎక్కువ జాగా కావాలి. ఒకే వైపు ఒకదాని వెనక ఒకటి జరిగే టెలిస్కోపిక్ తలుపైతే 1050 పైన కొంచెం ఉంటే సరిపోతుంది. పాత బిల్డింగుల్లో ఎక్కువగా కుదిరేది ఇదే. క్యాబిన్ కాస్త చిన్నదవుతుందంటే సందేహించకండి, ఒప్పుకోండి. మనిషి అడ్డుంటే తలుపు మూసుకోకుండా ఆపే ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ కర్టెన్ తప్పకుండా అడగండి.

ఇక మెషిన్ రూమ్. పాత రెండు స్పీడ్ల మోటారు ఫ్లోర్ దగ్గరకొచ్చి నెమ్మదిస్తుంది కానీ చివరికి బ్రేకు పట్టుకుంటేనే ఆగుతుంది. మనుషులు ఎక్కువుంటే ఒకచోట, తక్కువుంటే ఇంకోచోట ఆగేది అందుకే. మోటారు వేగాన్ని మెల్లగా పెంచి తగ్గించే వీవీవీఎఫ్ డ్రైవ్‌తో మైక్రోప్రాసెసర్ కంట్రోలర్ పెడితే మోటారే మెల్లగా సున్నాకి వస్తుంది, బ్రేకుకి నిలబెట్టి ఉంచే పని మాత్రమే మిగులుతుంది. స్టార్టింగ్ కరెంటు కూడా తగ్గుతుంది కాబట్టి జనరేటర్ మీద భారం తక్కువ. కాకపోతే ఎలక్ట్రానిక్స్‌కి ఎండ పడదు. టెర్రస్ మీది మెషిన్ రూమ్ మే నెలలో కాలిపోతుంటుంది. ఎగ్జాస్ట్ ఫ్యాను, కిటికీలకి జాలీ, సరైన ఎర్తింగ్ ఇవన్నీ కంట్రోలర్ వచ్చేలోపే చేయించండి. అందులో దాచుకున్న విరిగిన కుర్చీలు, పెయింట్ డబ్బాలు బయట పెట్టించండి.

అన్నీ మార్చేయక్కర్లేదు. క్యాబిన్‌ని నిటారుగా నడిపించే ఇనుప పట్టాలు (గైడ్ రైల్స్) వంగకుండా, తుప్పు తినకుండా ఉంటే అలాగే ఉంచవచ్చు. క్యాబిన్‌కి తూకంగా రోపుల రెండో చివర వేలాడే కౌంటర్ వెయిట్ కూడా అంతే. రోపుల్ని లాగే గేర్ మెషిన్ ఉంచాలా వద్దా అన్నది నూనె చెబుతుంది. కాస్త నూనె తీయించి వెలుగులో చూడండి. పసుపు రంగు మెరుపు రజను కనిపిస్తే లోపలి కంచు చక్రం అరుగుతోందని అర్థం. అప్పుడు గేర్‌లెస్ మెషిన్ ఖర్చు కూడా అడిగి లెక్క వేసుకోండి. రోపులు మార్చేటప్పుడు కప్పీ గాళ్లు, అంటే రోపులు కూర్చునే గాడులు, తప్పకుండా చూడాలి. ఒక రోపు లోతుగా, ఇంకోటి పైకి కూర్చుంటే గాళ్లు అరిగిపోయినట్టే. ఆ కప్పీ మీద కొత్త రోపులు వేస్తే అవీ త్వరగా పాడవుతాయి.

స్పీడు మామూలు కంటే కనీసం 15 శాతం పెరిగాక వేగాన్ని కనిపెట్టే గవర్నర్ పట్టుకుని, క్యాబిన్‌ని పట్టాలకి బిగించి ఆపే సేఫ్టీ గేర్‌ని లాగాలి. కొటేషన్‌లో దీని పేరు లేకపోతే ఎందుకు లేదని అడగండి. కరెంటు పోతే క్యాబిన్‌ని దగ్గరి ఫ్లోర్‌కి చేర్చి తలుపు తెరిచే ఏఆర్‌డీ, జనరేటర్ ఉన్నా సరే, ఉండాల్సిందే. సెల్లార్ ఉన్న బిల్డింగ్ అయితే షాఫ్ట్ అడుగున ఉండే గొయ్యి, అంటే పిట్‌లోకి, దిగించి చూడండి. వాన నీళ్లు నిలిచి, క్యాబిన్ కిందికి పడితే దెబ్బ తట్టుకునే బఫర్లు తుప్పు పట్టిన పిట్‌లు మన ఊళ్లో కొల్లలు. వాటర్‌ప్రూఫింగ్ అయ్యాకే లిఫ్ట్ పని మొదలుపెట్టాలి.

క్యాబిన్‌కి గ్రానైట్ ఫ్లోరింగ్, గోడంతా అద్దం అంటారు. బరువు పెరిగితే కౌంటర్ వెయిట్ మళ్లీ సరిచూడాలి. అది చూడరు, రోపులు జారతాయి. తేలిక ఫ్లోరింగ్ వేయించండి చాలు.

కొటేషన్‌లో నేను ఎక్కువగా పట్టుబట్టేది ఒకటుంది. కొన్ని కంట్రోలర్లు ఆ కంపెనీ మనిషి తప్ప ఇంకెవరు తెరిచినా పనిచేయవు. ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) రేటు ఎంత పెంచినా మీరు కట్టక తప్పదు. పాస్‌వర్డులు, వైరింగ్ డ్రాయింగులు అసోసియేషన్ చేతికి ఇస్తామని, బయటి మెకానిక్ కూడా రిపేరు చేయగలిగేదే పెడతామని రాతపూర్వకంగా తీసుకోండి.

పని రెండు మూడు వారాలు పడుతుంది. వీలుంటే ఆషాఢంలో పెట్టుకోండి. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు ఉండవు కాబట్టి సామాన్లు, చుట్టాలు తక్కువ. మెషిన్ పైకి ఎక్కించే రోజుకి టార్పాలిన్ సిద్ధంగా ఉంచితే చాలు. డయాలసిస్‌కి వెళ్లేవాళ్లు, మోకాళ్ల ఆపరేషన్ అయినవాళ్లు పై అంతస్తుల్లో ఎవరున్నారో ముందే రాసుకుని, వాళ్లు ఎక్కడ ఉంటారో, ఎవరు దించుతారో మీటింగులోనే మాట్లాడుకోండి.

చివరి వాయిదా డబ్బు ఇచ్చే ముందు సిమెంటు బస్తాలు తెప్పించండి. ఆరుగురి లిఫ్ట్ 408 కిలోలది, బస్తా 50 కిలోలు. ఎనిమిది బస్తాలతో అన్ని ఫ్లోర్లలోనూ సరిగ్గా ఆగాలి. పదో బస్తా పడేసరికి ఓవర్‌లోడ్ బజర్ మోగి లిఫ్ట్ కదలకుండా ఉండాలి. తర్వాత మెకానిక్ ఆ బజర్ తాత్కాలికంగా తప్పించి, మనిషెవరూ లోపల లేకుండా, 125 శాతం బరువుతో కిందికి దింపుతూ కరెంటు తీసేసి బ్రేకు నిలబెడుతుందో లేదో చూపించాలి. చూపించాక బజర్ మళ్లీ కలిపాడో లేదో పది బస్తాలతో ఇంకోసారి చూడండి. పాస్‌వర్డులు, డ్రాయింగులు చేతికొచ్చాక చెక్కు రాయండి.