డిటెక్టివ్ కథను చదివి, సీరియల్‌గా చూసి, రెండింటి రుచీ చెడకుండా ఆస్వాదించడం ఎలా?

మే నెల కడపలో మధ్యాహ్నం పూట గడప దాటలేం. పోయినేడు మా ఇంట్లో ఆ తీరికకు ఒక పని దొరికింది. పగలు ఒక డిటెక్టివ్ కథ చదవడం, రాత్రి మిద్దె మీద అదే కథను సీరియల్‌గా చూడడం. మొదటి వారమే చెడింది. మా చిన్నాన్న కొడుకు సీరియల్ ముందే చూసేసి, నేను సగం కథలో ఉండగా హంతకుడి పేరు చెప్పేశాడు. ఆ తరువాత కుదిరిన పద్ధతి ఇది.

ముందుగా, పెద్ద నవలతో మొదలుపెట్టకండి. ఒక్క పూటలో చదవగలిగే కథలున్న వరుసను ఎంచుకోండి. మేము డిటెక్టివ్ బ్యోమకేశ్ బక్షి కథలను ఎంచుకున్నాం. శరదిందు బందోపాధ్యాయ బెంగాలీలో రాసిన ఈ వరుసలో 32 పూర్తి కథలున్నాయి, ఒకటి అసంపూర్తిగా మిగిలింది. బాసు చటర్జీ తీసిన హిందీ సీరియల్ 1993లో దూరదర్శన్‌లో మొదలైంది. అందులో బ్యోమకేశ్‌గా రజిత్ కపూర్, అతని స్నేహితుడూ కథలు మనకు చెప్పేవాడూ అయిన అజిత్‌గా కె.కె. రైనా నటించారు.

క్రమం విషయంలో తొందరపడవద్దు. 1932లో రాసిన ‘పథేర్ కాంటా’ ముందుదే అయినా, అజిత్‌కు బ్యోమకేశ్ పరిచయమయ్యేది ‘సత్యాన్వేషి’లో. సీరియల్ కూడా దానితోనే మొదలవుతుంది కాబట్టి మీరూ అక్కడే మొదలుపెట్టండి. ‘అర్థమనర్థం’ చదవకుండా తరువాతి కథలకు వెళితే, బ్యోమకేశ్ భార్య సత్యవతి అతని ఇంటికి ఎలా వచ్చిందో తెలుసుకునే సరదా పోతుంది.

మాకు దొరికింది ఒక్క ఇంగ్లీషు అనువాదమే. అందుకని ఒకరు చదువుతూ తెలుగులో చెప్పేవారు, మిగతావారు వినేవారు. పాత్రల పేర్లు, బంధుత్వాలు ఒక కాగితం మీద రాసుకోండి. పేరు చివర ‘బాబు’ మన ‘గారు’ లాంటిదని మొదటే చెప్పండి. లేకపోతే మా నాయనమ్మ లాగా ‘అందరూ ఒకే ఇంటి బాబులా?’ అని అడిగేవారు తప్పక ఉంటారు.

అసలు కిటుకు ఎక్కడ ఆపాలన్నదే. బ్యోమకేశ్ అజిత్‌కు విషయం విప్పి చెప్పడం మొదలుపెట్టగానే పుస్తకం మూసేయండి. నేరం చేసింది ఎవరు, ఎలా చేశారు, ఏ మాట దగ్గర అనుమానం వచ్చింది అన్న మూడూ తలా ఒక చీటీ మీద రాసి ఖాళీ బొరుగుల డబ్బాలో వేయాలి. మూడోది లేని చీటీ చెల్లదు, అది ఊహ కాదు, లాటరీ. తరువాత మిగిలిన కథ పూర్తి చేయండి. ముగింపును తెర మీదే మొదటిసారి చూడాలనే వారున్నారు, నేను ఒప్పుకోను.

కారణం చెబుతాను. ‘మాకడ్సార్ రస్’ అనే కథ ఉంది, సీరియల్‌లో అది ‘మక్డీ కా రస్’. మంచం దిగలేని ముసలాయన చుట్టూ ఇంటివాళ్లు కాపలా కాస్తున్నా, ఆయన మత్తు కోసం వాడే సాలీడు రసం ఆయనకు అందుతూనే ఉంటుంది. చూసిరమ్మని బ్యోమకేశ్ అజిత్‌ను పంపుతాడు. పుస్తకంలో మనకు అజిత్ కళ్లే దిక్కు. అతను తేలిగ్గా తీసుకున్నదాన్ని మనమూ తేలిగ్గా దాటిపోతాం. కెమెరాకు ఆ వెసులుబాటు లేదు, గదిలో ఉన్న వస్తువును చూపించక తప్పదు. సీరియల్ ముందే చూసినవారికి, పుస్తకంలో ఆ వస్తువు గురించిన వాక్యం మళ్లీ అమాయకంగా కనిపించదు. చదివి చూస్తే మాత్రం, దర్శకుడు ఆ వస్తువును మన ముందే ఉంచి దృష్టి ఎటు మళ్లించాడో పట్టుకోవచ్చు.

రాత్రి సీరియల్ చూసేటప్పుడు హిందీ రానివారి పక్కన వచ్చినవారిని కూర్చోబెట్టండి. మా వీధిలో ఉర్దూ మాట్లాడే ఇళ్లున్నాయి, పక్కింటి పెద్దమ్మ మాకు అర్థం చెప్పేవారు. అయితే సంభాషణ పూర్తయ్యాకే చెప్పాలని ముందే అనుకోండి.

చివరగా డబ్బా తెరిచి చీటీలు చదవండి. సరిగ్గా రాసినవారికి మరునాటి పొద్దున మొదటి కారం దోసె. పెద్దమ్మ ఒక్క చీటీ కూడా రాయలేదు, కథ వినకుండా సీరియలే చూశారు. అయినా నాలుగు దోసెలు గెలిచారు. అనుమానం ఎక్కడ వచ్చిందని అడిగితే, “వాడు టీ తాగే తీరు చూడలేదా నాయనా” అన్నారు.