పాత మైగ్రేషన్లు మొండికేస్తే

విజయనగరంలో కూర్చుని మా టీమ్ పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలకు స్టాకు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తుంది. అది జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్), పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్) మీద నడుస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ మైగ్రేషన్ ఫైళ్లు, అంటే డేటాబేస్‌లో చేయాల్సిన మార్పులు వరసగా రాసి ఉండే ఫైళ్లు, పేరుకుపోవడం మామూలే. తిప్పలన్నీ వాటిని కదిపినప్పుడే.

సమస్య: సర్వర్‌లో అంతా బాగుంది. కొత్త ల్యాప్‌టాప్‌లో మాత్రం మైగ్రేట్ (ఆ ఫైళ్లను వరసగా నడిపే కమాండ్) మధ్యలో ఆగి, పిన్‌కోడ్ కాలమ్ లేదంటోంది.

కారణం: మండలాల జాబితా నింపడానికి ఎప్పుడో రాసిన డేటా మైగ్రేషన్. అందులో మండలం మోడల్‌ని (మండలాల టేబుల్‌కి కోడ్‌లో ఉండే రూపం) నేరుగా మోడల్స్ ఫైలు నుంచి ఇంపోర్ట్ చేశారు. మోడల్‌లో ఇప్పుడు పిన్‌కోడ్ ఉంది, కానీ ఈ మైగ్రేషన్ నడిచే సమయానికి టేబుల్‌లో ఆ కాలమ్ ఇంకా పుట్టలేదు. సర్వర్ ఈ ఫైలును ఎప్పుడో దాటేసింది కాబట్టి అక్కడ ఈ గొడవ కనిపించదు.

పరిష్కారం: ఇంపోర్ట్ తీసేసి, ఫంక్షన్ లోపల యాప్స్.గెట్_మోడల్‌తో మోడల్‌ని తెచ్చుకోండి. ఆ దశలో టేబుల్ ఎలా ఉండేదో మోడల్ అలాగే వస్తుంది. నడిచిపోయిన ఫైలును దిద్దొచ్చా అని టెన్షన్ వద్దు. జాంగో తన రికార్డులో యాప్ పేరు, ఫైలు పేరు, నడిచిన సమయం రాసుకుంటుందే తప్ప లోపలి కోడ్‌ని పోల్చి చూడదు. టేబుల్‌ని మార్చే లైన్ల జోలికి మాత్రం వెళ్లకండి.

ఇదే ఫైలులో రాజాం శ్రీకాకుళం జిల్లా కింద ఉంది. 2022 ఏప్రిల్ 4న రాజాం విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. జిల్లా పేరు పాత ఫైలులోనే దిద్దితే కొత్త డేటాబేసుల్లోనే మారుతుంది, నడుస్తున్నవాటిలో రాజాం శ్రీకాకుళంలోనే ఉండిపోతుంది. దీనికి కొత్త మైగ్రేషనే రాయాలి.

సమస్య: పాత ఫైళ్లు డిలీట్ చేయగానే నోడ్‌నాట్‌ఫౌండ్ ఎర్రర్.

కారణం: తర్వాతి ఫైళ్ల డిపెండెన్సీస్‌లో (తమకంటే ముందు నడవాల్సిన ఫైళ్ల జాబితా) వాటి పేర్లు ఇంకా ఉన్నాయి.

పరిష్కారం: గిట్ నుంచి ఫైళ్లు వెనక్కి తెచ్చి, స్క్వాష్‌మైగ్రేషన్స్ నడపండి. అన్నిటినీ కలిపిన ఒక ఫైలు వస్తుంది. అందులోని రీప్లేసెస్ జాబితా అది ఏయే ఫైళ్లకు బదులో చెబుతుంది. రన్‌పైథాన్ ఫంక్షన్లు (మైగ్రేషన్‌లో నడిచే మన సొంత పైథాన్ కోడ్) ఉంటే వాటిని మీరే చేత్తో కాపీ చేయాలి. పాతవీ, కొత్తదీ కలిపే రిలీజ్ చేయండి. తొందరపడితే ఇక్కడే దెబ్బ తింటారు: ఏదో ఒక ఫ్యాక్టరీలో మూలన పడున్న కంప్యూటర్ ఇంకా 0023 నంబరు మైగ్రేషన్ దగ్గరే ఉండొచ్చు. ప్రతి చోటా షోమైగ్రేషన్స్ (ఏ ఫైళ్లు నడిచాయో చూపే కమాండ్) నడిపి, స్క్వాష్ ఫైలుకు టిక్కు పడిందని చూశాకే పాతవి తీయండి. ఆపైన మిగతా ఫైళ్ల డిపెండెన్సీలను కొత్త ఫైలుకు మార్చి, రీప్లేసెస్ తీసేయాలి. రికార్డులో మిగిలిన పాత పేర్లను తుడవడానికి జాంగో 4.1 నుంచి మైగ్రేట్‌కి ప్రూన్ ఆప్షన్ ఉంది. రీప్లేసెస్ తీయకముందే నడిపితే అది ఒప్పుకోకపోవచ్చు.

సమస్య: టేబుల్ ఇప్పటికే ఉందంటూ ఎర్రర్.

కారణం: మైగ్రేషన్ ఫైళ్లూ, జాంగో_మైగ్రేషన్స్ టేబుల్లోని వరసలూ తుడిచేసి ఎవరో కొత్తగా 0001 తయారుచేశారు. అసలు టేబుళ్లు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.

పరిష్కారం: ముందు పీజీ_డంప్‌తో బ్యాకప్. తర్వాత ఫేక్-ఇనిషియల్ ఆప్షన్‌తో మైగ్రేట్: టేబుళ్లు ఇప్పటికే ఉంటే మొదటి మైగ్రేషన్‌ని నడపకుండా, నడిచినట్టు రాసుకుంటుంది. ఇది పేర్లు కలిశాయా అని చూస్తుంది, కాలమ్ రకాలు చూడదు. ఆ పోలిక మీరే చేసుకోవాలి.

ఏ మార్పు చేసినా ఖాళీ డేటాబేస్ మీద మొత్తం మైగ్రేట్ ఒకసారి నడపండి. చెక్ ఆప్షన్‌తో మేక్‌మైగ్రేషన్స్ నడిపితే మార్పులేమీ లేవనాలి.